ఓడెక్కిన పురుగులు, ఎక్కని ఈగ

కాకి గూట్లో కోకిల గుడ్డు పెట్టినట్టే, ఇంగ్లండులో వెస్టాలిస్ అనే బంబుల్ తేనెటీగ పరాయి గూట్లో చేరుతుంది. అక్కడి రాణిని చంపి, ఆ గూటి కూలి ఈగల చేత తన పిల్లల్ని పెంచిస్తుంది. దాని కాళ్లకు పుప్పొడి బుట్టలుండవు. స్పెయిన్ దేశపు పెద్ద పేడపురుగు కోప్రిస్ తల్లి మాత్రం నేలలో పేడ ఉండలు చేసి, పిల్లల్ని తానే కాచుకుంటుంది. ఒకటి దొంగ, మరొకటి శ్రమజీవి అనే తీర్పు సులువే. కానీ ఆ తీర్పు పురుగులది కాదు, పశువుల పెంపకంతో బతికే మనుషులది.

1885లో న్యూజిలాండ్ వాళ్లు పశుగ్రాసమైన ఎర్ర క్లోవర్ విత్తనం కట్టడం కోసం ఇంగ్లండు నుంచి బంబుల్ రాణులను ఓడల్లో తెప్పించుకున్నారు. వెస్టాలిస్ అక్కడ నేటికీ లేదు. ఆస్ట్రేలియాకు 1788లో పశువులు వచ్చాయి. కంగారూ పెంటకు అలవాటుపడ్డ స్థానిక పురుగులు ఆవుపేడను సరిగా వాడుకోలేకపోయాయి. అందుకే కీటక శాస్త్రవేత్త జార్జ్ బోర్నెమిస్సా ప్రతిపాదనతో 1968 నుంచి విదేశీ పేడపురుగులను వదిలారు. రోగాలు వెంట రాకుండా గుడ్లను శుద్ధి చేసి మరీ తెచ్చారు.

వెస్టాలిస్ లాంటి పరాన్నజీవిని వెంట తేకపోవడమే మేలు కదా అనవచ్చు. కొత్త నేలకు అది నిజమే. స్వదేశంలో మాత్రం వెస్టాలిస్ పూలమీద వాలుతుంది, పరాగసంపర్కంలో పాలుపంచుకుంటుంది. ఆతిథ్యమిచ్చే జాతి దండిగా ఉన్నచోటే అది బతుకుతుంది. అందుకే దాన్ని ఇంగ్లండులో శత్రువుగా లెక్కించడం తప్పు.