అకౌంట్ లేనోళ్ళ ఖాతా

పోయిన వారం హాస్టల్లో ఒక తమ్ముడు అడిగాడు: "మా అమ్మకి ఉన్నది చిన్న ఫోను. ఫేస్‌బుక్ అంటే ఏందో కూడా తెల్వదు. ఆమె గురించి వాళ్ళకేం తెలుస్తది అన్నా?" మేము కూడా చాలా రోజులు అట్లనే అనుకున్నాం. అందుకే ఈ కథ కొంచెం వెనక నుంచి చెప్తున్నాం.

ఫేస్‌బుక్ 2004లో అమెరికాలో, హార్వర్డ్ యూనివర్సిటీ హాస్టల్ గదిలో మొదలైంది. తర్వాత కొత్తోళ్ళని చేర్చుకోవడానికి అది పట్టుకున్న దారుల్లో ఒకటి మన ఫోన్లలోని కాంటాక్టులు. స్నేహితుల్ని వెతకమని ఒకసారి ఒప్పుకుంటే చాలు, నంబర్లన్నీ అటు పోతాయి. అందులో అకౌంట్ ఉన్నోళ్ళూ ఉంటారు, లేనోళ్ళూ ఉంటారు. ఒకే నంబరుని ఒకరు "అమ్మ" అని, ఒకరు "పెద్దమ్మ" అని, ఇంకొకరు "అంగన్‌వాడీ ఆయా" అని సేవ్ చేసుకుంటే, ఆ మనిషి ఎవరో, ఎవరికి ఏమవుతుందో అల్లుకోవడం పెద్ద కష్టం కాదు. దీనికే షాడో ప్రొఫైల్, అంటే నీడ ఖాతా అని పేరు పడింది. 2011లో మాక్స్ ష్రెమ్స్ అనే ఆస్ట్రియా లా స్టూడెంట్ ఐర్లండ్ డేటా రక్షణ అధికారికి ఇచ్చిన ఫిర్యాదుల్లో ఇదీ ఒకటి. మనలాంటి విద్యార్థే. కంపెనీ మాత్రం అలాంటిదేం లేదంది.

2013 జూన్‌లో గుట్టు కొంత బయటపడింది. ఒక సాఫ్ట్‌వేర్ లోపం వల్ల దాదాపు 60 లక్షల మంది ఫోన్ నంబర్లు, ఈమెయిళ్ళు వేరేవాళ్ళకి కనిపించాయి. అవి చాలావరకు వాళ్ళు ఇచ్చినవి కావు, వాళ్ళని ఎరిగినోళ్ళు ఎక్కించినవి. ఏ ఫేస్‌బుక్ అకౌంట్‌కీ చెందని నంబర్లు కూడా అందులో ఉన్నాయని కంపెనీయే చెప్పింది.

ఇంకో దారి 2010లో వేరే సైట్లకి వచ్చిన లైక్ బటన్. వేరే సైట్లలో కనిపించినా అది వచ్చేది ఫేస్‌బుక్ సర్వర్ నుంచే. మనం నొక్కకపోయినా, పేజీ తెరిచిన సంగతి అక్కడికి చేరేది. అకౌంట్ లేనివాళ్ళని ఇట్లా వెంబడించడం ఆపాలని, లేదంటే రోజుకు 2,50,000 యూరోలు కట్టాలని 2015లో బ్రస్సెల్స్ కోర్టు చెప్పింది. కంపెనీ అప్పీలుకు పోయి, ఆ కోర్టుకి అధికార పరిధి లేదని 2016లో గెలిచింది. మన ఏజెన్సీ భూమి కేసుల్లాగే అనుకోండి, ఏ కోర్టులో వెయ్యాలన్న దగ్గరే ఏళ్ళు గడుస్తాయి.

2018 ఏప్రిల్‌లో అమెరికా కాంగ్రెస్ ముందు జుకర్‌బర్గ్‌ని ఒక సభ్యుడు నేరుగా అడిగాడు. నీడ ఖాతా అనే మాట తనకి తెలియదన్నాడు. కానీ అకౌంట్ లేనివాళ్ళ డేటా కూడా భద్రత కోసం తీసుకుంటామని ఒప్పుకున్నాడు. మరి వాళ్ళు తమ డేటా చూసుకోవాలంటే? ముందు అకౌంట్ తెరవమని చెప్తున్నారు కదా అని ఆ సభ్యుడు నిలదీశాడు.

అడగకుండా రాసుకోవడం మన పెద్దోళ్ళకి కొత్త కాదు. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని బ్రిటిష్‌వాళ్ళు 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ తెచ్చారు. ఒక్క దొంగతనం చెయ్యని ఎరుకల వాళ్ళ పేర్లు, వేలిముద్రలు కూడా రిజిస్టర్‌కి ఎక్కాయి. దేశమంతటా ఆ చట్టం పోయింది 1952లోనే. రెండూ ఒకటే అని మేము అనం. అప్పుడు పోలీసు వచ్చి రాసుకున్నాడు, ఇప్పుడు అమ్మ నంబరు మనమే ఎక్కిస్తున్నాం.

మేమూ అదే చేశాం. పోయిన నెల స్కాలర్‌షిప్ సాయం కోసమని మీ అమ్మానాన్నల పేర్లు, నంబర్లు ఒక లిస్టుగా రాసి ఈ గ్రూపులోనే పెట్టాం. వాళ్ళలో ఒక్కరినీ అడగలేదు. ఆ ఫైలు తీసేశాం. డౌన్‌లోడ్ చేసుకున్నోళ్ళు ఉంటే మీ ఫోన్ల నుంచి కూడా తీసేయండి. తీసేశాక అడ్మిన్లకి ఒక మాట చెప్పండి.