వంద మీటర్ల చరిత్రలో మనం లెక్కపెట్టని పరుగులు

భారత పురుషుల స్ప్రింట్ చరిత్రను క్రీడా పత్రికలు దాదాపు ఒకే బాణీలో చెబుతూ వస్తున్నాయి. 1951లో లెవీ పింటో గెలిచాడు. 1960లో రోమ్‌లో మిల్ఖా సింగ్ వెనక్కి తిరిగి చూసి పతకం పోగొట్టుకున్నాడు. ఆపైన అరవై ఏళ్లు చీకటి. 2025లో అనిమేష్ కుజూర్ వచ్చాక తెల్లారింది. కథగా ఇది చక్కగా నడుస్తుంది. కానీ ఆ కాలాలను ఏ గడియారంతో కొలిచారో ఎవరూ అడగరు. 2010 అక్టోబరులో ఢిల్లీలో నలుగురు కుర్రాళ్లు ఏం చేశారో ఎవరూ తలచుకోరు. ఆ నలుగురిలో ఒకడు హైదరాబాదీ. ఈ రెండు ఖాళీలూ పూరిస్తే కథ రూపమే మారిపోతుంది.

మొదటి ఘట్టాలు అందరికీ తెలిసినవే. 1900 పారిస్ ఒలింపిక్స్‌లో కలకత్తాలో పుట్టిన నార్మన్ ప్రిచర్డ్ 200 మీటర్లలో, 200 మీటర్ల హర్డిల్స్‌లో రజతాలు గెలిచాడు. అతను పరిగెత్తింది భారత్ తరఫునా, బ్రిటన్ తరఫునా అన్న పేచీ ఇంకా తెగలేదు. ఇక్కడ తెగాల్సిన పనీ లేదు. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో పింటో 100 మీటర్లను 10.8 సెకన్లలో, 200ను 22.0లో గెలిచాడు. ఆ క్రీడలకు వచ్చినవి పదకొండు దేశాలే. పాకిస్తాన్ రాలేదు, చైనా రాలేదు. మూడేళ్లకు మనీలాలో పాకిస్తాన్ అబ్దుల్ ఖాలిక్‌ను దింపింది, అతను 10.6లో వంద మీటర్ల స్వర్ణం ఎగరేసుకుపోయాడు. 1958 టోక్యోలో అదే ఖాలిక్‌ను మిల్ఖా 200లో ఓడించాడు, 400 కూడా గెలిచాడు. 1978 బ్యాంకాక్‌లో తమిళనాడుకు చెందిన రామస్వామి జ్ఞానశేఖరన్ 200లో స్వర్ణం, 100లో రజతం తెచ్చాడు. ఈ చివరి పేరును చాలామంది ఎత్తరు. ఎత్తితే ‘చీకటి’ అన్న మాట నిలవదని కాబోలు.

ఇక గడియారం సంగతి. చేతి స్టాప్‌వాచ్ పట్టుకున్న మనిషి తుపాకి పొగ చూశాక మీట నొక్కుతాడు. కన్ను చూసి, వేలు కదిలేలోపు కొంత సమయం పోతుంది. గీత దగ్గర మాత్రం రన్నర్ వస్తున్నాడని ముందే తెలుసు కాబట్టి ఆలస్యం ఉండదు. అందుకే చేతి లెక్క అసలు సమయం కన్నా తక్కువ చూపిస్తుంది. 100, 200 మీటర్లకు ఈ తేడాను 0.24 సెకన్లుగా, 400కు 0.14గా అథ్లెటిక్స్ లోకం లెక్కగడుతుంది. ఆ ప్రకారం పింటో 10.8 విద్యుత్ గడియారం మీద సుమారు 11.04. 2010లో హైదరాబాద్ కుర్రాడు అబ్దుల్ నజీబ్ ఖురేషీ 10.30లో పరిగెత్తాడు. ఇద్దరూ పక్కపక్క లేన్లలో ఉంటే ఖురేషీ గీత దాటేసరికి పింటో ఏడు మీటర్ల వెనక ఉండేవాడు.

దీంతో పింటో చిన్నవాడైపోడు. అతని కాలికింద రబ్బరు ట్రాక్ లేదు. మన దేశంలో సింథటిక్ ట్రాక్ మీద పెద్ద పోటీ అంటే 1982 ఢిల్లీ ఆసియా క్రీడలదాకా ఆగాలి. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో 100, 200 రెండింటిలోనూ అతను సెమీఫైనల్‌దాకా వెళ్లాడు. చెప్పేదల్లా ఒక్కటే: మన రన్నర్ల వేగం పడిపోయిందన్నది అబద్ధం. అది పెరుగుతూనే వచ్చింది. పక్కవాళ్లది ఇంకా వేగంగా పెరిగింది. ఆసియా క్రీడల్లోనే 1998లో జపాన్ కోజీ ఇతో 10.00 నమోదు చేశాడు. 2014లో ఖతార్ తరఫున ఫెమి ఒగునోడె 9.93లో, 2018లో చైనా సు బింగ్‌తియాన్ 9.92లో గెలిచారు. ఒగునోడె నైజీరియాలో పుట్టినవాడన్న ఆక్షేపణ ఉంది, సరే. సు బింగ్‌తియాన్ విషయంలో ఆ మాట అనడానికి లేదు. టోక్యో ఒలింపిక్స్ సెమీఫైనల్‌లో అతను 9.83కు దిగాడు.

రోమ్ గాథను కూడా ఈ గడియారం వెలుగులోనే చదవాలి. మిల్ఖా వెనక్కి చూడటం వల్లే పతకం పోయిందనడం సినిమాకు సరిపోయే కారణం. ఆ 400 మీటర్ల ఫైనల్‌లో ఓటిస్ డేవిస్, కార్ల్ కౌఫ్‌మన్ ఇద్దరూ 44.9తో ప్రపంచ రికార్డు నెలకొల్పారు. 45 సెకన్ల లోపు పరుగు లోకానికి అదే మొదలు. మూడోవాడు మాల్కమ్ స్పెన్స్, నాలుగోవాడు మిల్ఖా. నలుగురూ పాత ఒలింపిక్ రికార్డును దాటేశారు. చేతి గడియారంలో మిల్ఖాది 45.6, విద్యుత్ లెక్కలో 45.73. జీవితంలో అత్యుత్తమ పరుగు తీసిన మనిషి తప్పు చేసి ఓడాడని అరవై ఏళ్లుగా చెప్పుకోవడం వింతే. వేగం తగ్గించానని ఆయన స్వయంగా చెప్పుకున్న మాటను కొట్టిపారేయనక్కర్లేదు. దాని మీద ఒక దేశపు స్ప్రింట్ చరిత్ర మొత్తం నిలబెట్టడమే ఇబ్బంది.

అసలు విషయం ఢిల్లీలో ఉంది. 2010 కామన్వెల్త్ క్రీడల్లో పురుషుల 4×100 రిలే ఫైనల్. బెంగాల్ నుంచి రహమతుల్లా మొల్లా, తమిళనాడు నుంచి సురేష్ సత్య, కేరళ నుంచి షమీర్ మోన్, హైదరాబాద్ నుంచి ఖురేషీ. ఇంగ్లండ్ 38.74, జమైకా 38.79, భారత్ 38.89. స్వర్ణానికీ మనకూ మధ్య 0.15 సెకను. ఆ క్రీడల్లోనే ఖురేషీ 10.30తో అనిల్ కుమార్ ప్రకాశ్ 2005 నాటి జాతీయ రికార్డును అందుకున్నాడు. వంద మీటర్ల విజేత, జమైకావాడు లెరోన్ క్లార్క్ సమయం 10.12.

దీనిమీద అభ్యంతరాలు ఉన్నాయి, తేలిగ్గా తీసేయదగ్గవి కావు. జమైకా పంపింది ఉసేన్ బోల్ట్, అసఫా పావెల్ లేని జట్టును. అమెరికా కామన్వెల్త్‌లో ఉండదు. పైగా సొంత గడ్డ, సొంత జనం. ఇవన్నీ పతకం విలువను తగ్గిస్తాయి. కానీ 38.89 అన్న అంకెను తగ్గించలేవు. దాన్ని గడియారం ఇచ్చింది, ప్రేక్షకులు కాదు. ఆ అంకెను తిరిగి మనవాళ్లు దాటింది 2025 ఏప్రిల్ 30న, చండీగఢ్‌లో. గురిందర్‌వీర్ సింగ్, అనిమేష్ కుజూర్, మణికంఠ హోబ్లీధర్, అమ్లాన్ బొర్గొహేన్ 38.69లో ముగించారు. మధ్యలో పద్నాలుగున్నర ఏళ్లు. చీకటి అనే మాట వాడదలిస్తే ఇక్కడ వాడాలి, మిల్ఖా తర్వాత కాదు. ఇది రక్తంలో వేగం లేకపోవడం వల్ల వచ్చిన చీకటి కాదు. గెలిచిన జట్టును ఏం చేసుకోవాలో తెలియకపోవడం వల్ల వచ్చింది.

రిలే అంటే నలుగురి వేగాల కూడిక అనుకోవడంలోనే చిక్కంతా ఉంది. రెండో రన్నర్ నుంచి ప్రతివాడూ బ్యాటన్ అందుకునేసరికే పరుగులో ఉంటాడు. నిలబడి మొదలుపెట్టే నష్టం మొదటివాడికే. మార్పిడి సరిగా కుదిరితే ఒక్కో చోట రెండు మూడు పదోవంతుల సెకను మిగులుతుంది. తడబడితే అంతకన్నా ఎక్కువ పోతుంది. ఇది నేర్చుకునే పని, నెలల తరబడి కలిసి చేస్తే వచ్చే పని. 2016 రియో ఒలింపిక్స్‌లో జపాన్ దీన్ని లోకానికి చూపించింది. యమగత, ఈజుక, కిర్యు, కేంబ్రిడ్జ్ నలుగురిలో ఒక్కడు కూడా అప్పటికి పది సెకన్ల లోపు పరిగెత్తినవాడు కాదు. అయినా 37.60తో, బోల్ట్ ఉన్న జమైకా తర్వాత రెండో స్థానం తెచ్చుకున్నారు. చేతిని కిందినుంచి పైకి చాచి బ్యాటన్ అందించే పద్ధతిని వాళ్లు ఏళ్ల తరబడి సాధన చేశారు. కిర్యు 9.98తో జపాన్‌కు తొలి ‘పదిలోపు’ పరుగు ఇచ్చింది ఆ మరుసటేడు. అంటే రిలే ముందు వచ్చింది, పదిలోపు పరుగు తర్వాత వచ్చింది. మన దగ్గర ఇప్పటికీ దీన్ని తలకిందులుగా ఆలోచిస్తారు: ముందు ఒక వేగవంతుడు దొరకాలి, జట్టు సంగతి తర్వాత.

ఈ వాదానికి మన ఇంట్లోనే సాక్ష్యం ఉంది. 2023 బుడాపెస్ట్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో మహమ్మద్ అనస్, అమోజ్ జేకబ్, మహమ్మద్ అజ్మల్, రాజేష్ రమేష్ 4×400 హీట్‌లో 2:59.05తో ఆసియా రికార్డు కొట్టారు, ఫైనల్‌లో అయిదో స్థానంలో నిలిచారు. విడిగా 400 మీటర్లలో ప్రపంచ ఫైనల్ చేరినవాడు వీళ్లలో ఒక్కడూ లేడు. కొన్ని వారాలకే హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచారు. ఏళ్లపాటు ఒకే శిబిరంలో ఉన్న జట్టు అది. అయితే మరుసటేడు పారిస్‌లో ఈ రిలే హీట్స్‌లోనే ఆగిపోయిందని కూడా రాయాలి. శిబిరం ఒక్కటే అన్నీ చేసిపెట్టదు.

ఇప్పటి ఉత్సాహం సంగతి. 2016లో అమియ మల్లిక్ 10.26, 2022లో బొర్గొహేన్ 10.25, 2023లో మణికంఠ 10.23, 2025 మార్చిలో గురిందర్‌వీర్ 10.20, జూలైలో గ్రీస్‌లో కుజూర్ 10.18. మెట్లు చిన్నవి. కానీ ఇన్ని మెట్లు ఒకదాని మీద ఒకటి ఇంత త్వరగా పడటం ఇదివరకు లేదు. భువనేశ్వర్, ముంబైలలో విదేశీ కోచ్‌ల కింద ఏడాది పొడుగునా నడిచే కేంద్రాలు రావడం దీనికి పెద్ద కారణం. మెచ్చుకోవలసిందే. అయితే 2025 మేలో గుమిలో జరిగిన ఆసియా చాంపియన్‌షిప్‌లో 200 మీటర్లను 20.32లో పరిగెత్తి కాంస్యం తెచ్చిన కుజూర్, సెప్టెంబరులో టోక్యో ప్రపంచ చాంపియన్‌షిప్ హీట్‌లో 20.77 దగ్గర ఆగాడు. అక్కడిదాకా చేరడమే గొప్ప అనేవాళ్ల మాట నిజమే. పెద్ద పోటీలో సొంత సమయాన్ని అందుకోలేకపోవడం మన పాత జబ్బు అన్నదీ నిజమే. దానికితోడు డోపింగ్ నీడ: 2023లో మన దేశంలో సేకరించిన 5,606 నమూనాల్లో 213 పట్టుబడ్డాయి. ఈ పరిస్థితిలో ప్రతి కొత్త రికార్డునూ కాస్త ఆగి మెచ్చుకోవాల్సి రావడం నిజాయితీగా పరిగెత్తేవాళ్లకు జరుగుతున్న అన్యాయం. తెలుగునాట పరుగు అంటే ఇప్పుడు ముందుగా గుర్తొచ్చేది జ్యోతి యర్రాజీ, దండి జ్యోతికశ్రీల పేర్లే. ఖురేషీ తర్వాత మగపిల్లల వైపు ఆ స్థాయి పేరు నిలబడలేదు.

రక్తం సిద్ధాంతాన్ని పట్టుకు వేలాడేవాళ్లు ఒకసారి మాయాబందర్ వైపు చూడాలి. ఉత్తర, మధ్య అండమాన్ జిల్లా కేంద్రం అది. బర్మా నుంచి వచ్చిన కరెన్లు, బెంగాలీ కాందిశీకులు, అడవి పనికి తెచ్చిన చోటానాగ్‌పూర్ ఆదివాసులు అక్కడ కలిసి బతుకుతారు. ఈ ఆదివాసులను దీవుల్లో రాంచీవాళ్లంటారు. వాళ్లలో ఉరావ్‌లూ ఉన్నారు. కుజూర్ అన్నది ఉరావ్‌ల ఇంటిపేరే. ఇక 2011 లెక్కల ప్రకారం దీవుల్లో పదిమందిలో ఒకరికి పైగా తెలుగు మాతృభాష. అక్కడి కుర్రాడు వేగంగా పరిగెత్తగలడా అన్నది ప్రశ్నే కాదు. అతని సమయాన్ని లెక్కలోకి తీసుకునే గడియారం, గాలి వేగం కొలిచే పరికరం ఎంత దూరంలో ఉన్నాయన్నది ప్రశ్న. గాలి తోడు సెకనుకు 2 మీటర్లు దాటితే రికార్డు చెల్లదు. కొలవకపోతే అసలే చెల్లదు. పోర్ట్ బ్లెయిర్ చేరాలంటే సుమారు 240 కిలోమీటర్ల ట్రంక్ రోడ్డు, మధ్యలో జలసంధి దగ్గర పడవ, జరావా అభయారణ్యంలో కాన్వాయ్ వేళలు. అక్కడినుంచి విశాఖకో చెన్నైకో ఓడైతే రెండు రోజులకు పైనే. ఇంత చేసి పరిగెత్తేది పదకొండు సెకన్లు. ఏడాదికి ఒకటి రెండు పోటీలతో స్ప్రింటర్ తయారుకాడు.

అదే దీవులు సైకిల్ మీద వేరే జవాబు ఇచ్చాయి. ట్రాక్ సైక్లింగ్‌లో స్ప్రింట్‌కు కావలసింది కూడా కాళ్లలో క్షణాల్లో రగిలే బలమే. నికోబార్ కుర్రాడు ఈసో అల్బెన్ 2018లో స్విట్జర్లాండ్‌లోని ఐగ్ల్‌లో ప్రపంచ జూనియర్ చాంపియన్‌షిప్ కైరిన్‌లో రజతం గెలిచాడు. ఏ ప్రపంచ చాంపియన్‌షిప్‌లోనైనా భారత సైక్లింగ్‌కు అదే తొలి పతకం. మరుసటేడు ఫ్రాంక్‌ఫర్ట్ ఆన్ డెర్ ఓడర్‌లో అతనున్న జట్టు టీమ్ స్ప్రింట్ స్వర్ణం తెచ్చింది. వీళ్లు తయారైన చోటు ఢిల్లీ ఇందిరా గాంధీ స్టేడియంలోని వెలోడ్రోమ్. దాన్ని కట్టింది అదే 2010 కామన్వెల్త్ క్రీడల కోసం. ఆ క్రీడల నుంచి సైక్లింగ్‌కు ఒక వెలోడ్రోమ్, తర్వాత అక్కడే ఉండి నేర్చుకునే అకాడమీ దక్కాయి. స్ప్రింట్ రిలేకు దక్కినవి నాలుగు కాంస్యాలు, ఒక ఫోటో. జూనియర్ విజయాలు సీనియర్ ప్రపంచ పతకాలుగా మారలేదన్న లోటు సైక్లింగ్‌కూ ఉంది. అయినా ఒకే క్రీడల నుంచి మొదలైన ఈ రెండు దారులను పక్కపక్కన పెట్టి చూసినవాళ్లకు జన్యువుల చర్చ అనవసరం అనిపిస్తుంది.

ఇక లెక్కలోకి వద్దాం. హాంగ్‌జౌ ఆసియా క్రీడల 4×100లో చైనా 38.29, జపాన్ 38.44, కాంస్యం తెచ్చిన దక్షిణ కొరియా 38.74. చండీగఢ్‌లో మనవాళ్లు తీసిన 38.69 అక్కడ ఉంటే కాంస్యం మనదే. కానీ కొరియా 38.74 దగ్గర ఆగలేదు; 2025 మేలో గుమిలో 38.49తో ఆసియా చాంపియన్ అయింది. రెండో స్థానంలో వచ్చిన థాయ్‌లాండ్ సమయం 38.78. చండీగఢ్ పరుగుకు సరిగ్గా నెల తర్వాత జరిగిన ఆ ఫైనల్‌లో భారత్‌కు పతకం రాలేదు.