నడిగడ్డ

రెండు రాజ్యముల నడుమ ఒక్క నది పారుచున్నచో అది పొలిమేర యగును. రెండు నదులు పారుచున్నచో వాని నడిమి నేల తరతరముల తగవగును. కృష్ణా తుంగభద్రలు పడమటి కనుమలలో పుట్టి, వేరువేరు త్రోవలు పట్టి, అలంపురమునకు చేరువనున్న కూడవెల్లి యొద్ద కలియువరకు తమ నడుమ నిముడ్చుకొన్న భూమిని చరిత్రకారులు రాయచూరు అంతర్వేది యందురు. గద్వాల, అలంపురముల వారికి అది నడిగడ్డ. ఆ మాటలోనే దాని జాతకమంతయు నున్నదని నా తలంపు.

ఉత్తరమున గుల్బర్గానుండి యేలిన బహమనీలకును, పిమ్మట విజాపురమునుండి యేలిన ఆదిల్ షాహీలకును తుంగభద్రయే తమ దక్షిణపు టెల్లగా తోచెను. ఆ తుంగభద్ర దక్షిణపు గట్టున రాజధాని నిలుపుకొన్న విజయనగర ప్రభువులకో, కృష్ణవరకు తమదై తీరవలయును. ఏలయన వారి తొలి నెలవైన ఆనెగొంది నదికి ఉత్తరపు గట్టున, అనగా ఈ నడిగడ్డలోనే యుండుటచే, రాయచూరు, ముదిగల్లు కోటలు పగవాని చేత బడినచో వాని గుఱ్ఱములు నగరపు రేవులలోనే నీరు త్రాగును. దీనికి తోడు నేలయు పేదది గాదు. వానలు తక్కువయే గాని ప్రత్తి పండు రేగడి. హట్టి ప్రాంతమున భూగర్భమునందు బంగారము. అశోకుడను పేరు స్పష్టముగా గల మస్కి శాసనమును 1915లో కనుగొన్నవాడు సైతము బంగారు గనుల ఇంజనీరే.

రాయచూరు కోటగోడలో నొక శిల కలదు. దాని నిడివి 41 అడుగులకు పైబడినది. కాకతీయ సామంతుడైన గోన విఠలనాథుడు 1294లో ఆ కోటను కట్టించినట్లు దానిపైనున్న తెనుగు శాసనము చెప్పుచున్నది. శాసనముకంటె నన్నాకర్షించినది దాని చెంత చెక్కిన బొమ్మ: ఆ రాతినే బండిపై నెక్కించి, బారులు తీర్చిన దున్నపోతులచేత లాగించుచుండగా, మనుష్యులు చక్రములకు మీటుకఱ్ఱలు పెట్టి ముందునకు నెట్టుచున్నారు. రాజుల బిరుదులను మాత్రమే చెక్కు నలవాటున్న కాలమున, ఈ బండివాండ్రను చెక్కిన శిల్పిని మెచ్చుకొనక తప్పదు.

ఇక యుద్ధముల సంగతి. 1406లో ముదిగల్లు కంసాలి కూతురిపై మొదటి దేవరాయలు మనసుపడుటచే బహమనీ సుల్తాను ఫిరోజ్ షాతో పోరు వచ్చెనని చరిత్రకారుడు ఫిరిష్తా వ్రాసెను. కథ రసవత్తరమే గాని, ఆ బాలిక పుట్టకమున్నే, బుక్కరాయల నాటినుండియే, ఆ నేలకై కత్తులు దూయుచుండిరని మఱవరాదు.

ఈ పోరులలో సేనానులతో పాటు నదులును పాలు పంచుకొన్నవి. వేసవిలో రేవులు కాలినడకకు దిగును. తొలకరి పడి పడమటి కొండలనుండి వఱద వచ్చెనా, ఎంతటి సేనకైనను ఆవలి గట్టు అందని మ్రానిపండే. 1520 వేసవిలో కృష్ణదేవరాయలు రాయచూరును ముట్టడించినప్పుడు, కోటగోడనుండి ఊడబెఱికి తెచ్చిన రాళ్లకు వాని పరిమాణమును బట్టి రొక్కమిచ్చి దండనాయకులు కొనుచుండిరని పోర్చుగీసు గుఱ్ఱపు వర్తకుడు నూనిజ్ వ్రాసినాడు. ఇస్మాయిల్ ఆదిల్ షా కృష్ణను దాటి వచ్చి యోడెను. వెనుకకు మరలిన వాని సేనలో ఎందఱినో ఆ నదియే మ్రింగెను. కోట రాయలకు దక్కెను.

1565 జనవరిలో కథ తిరుగబడెను. దక్కను సుల్తానులు ఏకమై కృష్ణ యుత్తరపు గట్టునకు రాగా, విజయనగరమును నడపుచున్న రామరాయల సేన ఎదుటి రేవును కాచుకొనియుండెను. అంతట వారు వేఱొక రేవున దాటబోవుచున్నట్లు గట్టు వెంబడి నడచి, విజయనగర సేనయు తమకు సరిగా ఆవలి గట్టున కదలిపోగనే, వడిగా వెనుదిరిగి వచ్చి, కాపులేని మొదటి రేవుననే దాటిరని ఫిరిష్తా కథనము. రెండు శతాబ్దులు దాటిన సామ్రాజ్యము ఒక్క రేవు విడిచినందున కూలెననుట అతిశయోక్తియే గాని, పూర్తిగా అబద్ధము గాదు.

తరువాతి కాలమును గూర్చి చెప్పవలసినది కొంచెమే. 1853లో సైన్యపు బాకీ క్రింద ఇంగ్లీషువారు నిజామునుండి ఈ గడ్డను పుచ్చుకొని, 1860లో తిరిగి యిచ్చిరి. 1956లో భాషను బట్టి రాష్ట్రములను పునర్విభజించినప్పుడు రాయచూరు మైసూరునకును, గద్వాల అలంపురములు ఆంధ్రప్రదేశమునకును పోయినవి. విఠలనాథుని తెనుగు శాసనము కన్నడ రాష్ట్రమున నిలిచిపోయినది. కూడవెల్లి శ్రీశైల జలాశయమున మునుగగా, అచటి సంగమేశ్వరాలయమును రాయి రాయి విప్పి అలంపురమునకు తెచ్చి నిలిపిరి. తుంగభద్రపై రాజోలిబండ ఆనకట్టనుండి బయలుదేరిన కాలువ ముందు రాయచూరు పొలములను తడిపి, పిమ్మట గద్వాల వైపునకు వచ్చును. చివరి మడులకు నీరందుట లేదని నడిగడ్డ రైతులు నేటికిని మొఱపెట్టుచునే యున్నారు.