కీబోర్డుపై అక్షరాలు వర్ణక్రమంలో ఎందుకు ఉండవు?

ఒకటో తరగతి విద్యార్థి సైతం ఎ, బి, సి, డిలను తడుముకోకుండా అప్పజెప్పగలడు. అదే విద్యార్థిని కంప్యూటరు ముందు కూర్చోబెట్టి తన పేరు టైపు చేయమంటే ఒక్కొక్క అక్షరాన్నీ వెదుక్కోవలసి వస్తుంది. పై వరుస క్యూ, డబ్ల్యూ, ఇ, ఆర్, టి, వై అక్షరాలతో మొదలవుతుంది. ఆ ఆరింటినీ కలిపి పలికితే వచ్చే ‘క్వెర్టీ’ అనే పేరుతోనే ఈ అమరిక ప్రపంచమంతటా ప్రసిద్ధమైంది. దీనికి కారణం కంప్యూటరులో లేదు. కంప్యూటరు కంటే ఎన్నో దశాబ్దాల ముందు పుట్టిన టైపు యంత్రంలో ఉంది.

మొదట వర్ణక్రమమే

అమెరికాలోని మిల్వాకీ నగరానికి చెందిన క్రిస్టఫర్ లాథమ్ షోల్స్ ముద్రాపకుడు, పత్రికా సంపాదకుడు. కార్లోస్ గ్లిడెన్, శామ్యూల్ సూలేలతో కలిసి ఆయన రూపొందించిన టైపు యంత్రానికి 1868 జూన్ 23న పేటెంటు లభించింది. తొలి నమూనాలో మీటలు పియానో మెట్లను పోలి ఉండేవి. వాటిపై అక్షరాలు దాదాపు వర్ణక్రమంలోనే ఉండేవి. అంటే వర్ణక్రమం తోచక కాదు, దానిని ప్రయత్నించి చూసిన తరువాతనే విడిచిపెట్టారు.

ఆ పాత క్రమపు ఆనవాళ్లు నేటికీ చెరిగిపోలేదు. మధ్య వరుసలోని డి, ఎఫ్, జి, హెచ్, జె, కె, ఎల్ అక్షరాలను పరిశీలిస్తే, నడుమ ఉండవలసిన ఇ, ఐ అనే రెండు అచ్చులు తప్ప మిగిలినదంతా వర్ణక్రమమే. తొలినాటి యంత్రాల్లో ఎల్ పక్కన ఎం కూడా ఉండేది.

కడ్డీల చిక్కా, తంతివారి అవసరమా?

నాటి యంత్రంలో ప్రతి మీటకూ ఒక లోహపు కడ్డీ అనుసంధానమై ఉండేది. కడ్డీ చివర పోతపోసిన అక్షరం ఉండేది. ఈ కడ్డీలు కాగితం కింద వలయాకారంలో అమరి ఉండి, మీట నొక్కగానే పైకి లేచి కాగితాన్ని తాకేవి. పక్కపక్కనే ఉన్న రెండు కడ్డీలు వెంటవెంటనే లేస్తే ఒకదానికొకటి తగులుకుని యంత్రం నిలిచిపోయేది. అందువల్ల ఇంగ్లిషు పదాల్లో తరచుగా జంటగా వచ్చే అక్షరాలను దూరదూరంగా ఉంచారన్నది విస్తృత ప్రచారంలో ఉన్న వివరణ. టైపు చేసేవారి వేగాన్ని తగ్గించేందుకే ఈ అమరిక అని చెప్పడం ఆ వివరణను తలకిందులు చేయడమే. ఆ వివరణ ప్రకారమే అయినా, ఉద్దేశం పని ఆగకుండా సాగడమే తప్ప మందగించడం కాదు.

అయితే ఈ వాదనకు ఒక గట్టి అభ్యంతరం ఉంది. ఇంగ్లిషులో అతి తరచుగా వచ్చే జంటల్లో ఒకటైన ఇ, ఆర్ అక్షరాలు క్వెర్టీలో పక్కపక్కనే ఉన్నాయి. జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయ పరిశోధకులు కోయిచీ యసువోకా, మోటోకో యసువోకా 2011లో మరో వివరణ ప్రతిపాదించారు. ఈ యంత్రాన్ని తొలుత వాడినవారిలో మోర్స్ సంకేతాలను విని వార్తలను కాగితంపైకి ఎక్కించే తంతి ఉద్యోగులు ఉన్నారు. అమెరికన్ మోర్స్‌లో జడ్ అక్షరపు సంకేతం ఎస్, ఇ జంటను పోలి ఉండేది. విన్నది ఏదో తేల్చుకున్న మరుక్షణం వేలు అందుకోవాలి కనుక ఎస్‌ను ఆ రెంటికీ దగ్గరగా ఉంచారన్నది వారి వాదన. ఈ విషయంలో పండితుల మధ్య ఏకాభిప్రాయం ఇంకా కుదరలేదు.

అలవాటే శాసనమైంది

1873లో షోల్స్ బృందం తుపాకులు, కుట్టు మిషన్లు తయారుచేసే రెమింగ్టన్ సంస్థతో ఒప్పందం చేసుకుంది. మరుసటి ఏడాది యంత్రం విపణిలోకి వచ్చింది. అందులో పెద్ద అక్షరాలు మాత్రమే ఉండేవి. 1878లో వచ్చిన రెండో నమూనాలో షిఫ్ట్ మీట చేరడంతో చిన్న అక్షరాలకూ చోటు దొరికింది. 1888 జూలైలో సిన్సినాటీలో జరిగిన పోటీలో ఫ్రాంక్ మెక్‌గరిన్ మీటల వైపు చూడకుండా రెమింగ్టన్‌పై టైపు చేసి గెలుపొందడం ఈ అమరికకు గొప్ప ప్రచారాన్నిచ్చింది. 1893లో రెమింగ్టన్ సహా ప్రధాన తయారీ సంస్థలు ఒకే గొడుగు కిందికి చేరడంతో క్వెర్టీకి ఎదురులేకుండా పోయింది. టైపిస్టులు నేర్చిన అమరికనే కార్యాలయాలు కొన్నాయి. కార్యాలయాల్లో ఉన్న అమరికనే కొత్తవారు నేర్చుకున్నారు.

ఈ వలయాన్ని ఛేదించడానికి ప్రయత్నాలు జరగకపోలేదు. అమెరికా ఆచార్యుడు ఆగస్ట్ డ్వోరాక్ అచ్చులన్నిటినీ మధ్య వరుసలో ఎడమ చేతికి, ఎక్కువగా వాడే హల్లులను కుడి చేతికి ఇచ్చే అమరికకు 1936లో పేటెంటు పొందారు. అది మేలైనదని కొందరు, చెప్పుకోదగ్గ తేడా లేదని మరికొందరు నేటికీ వాదిస్తున్నారు. మేలైన పద్ధతి కంటే ముందుగా పాతుకుపోయిన పద్ధతే నిలుస్తుందనడానికి ఆర్థికవేత్త పాల్ డేవిడ్ 1985లో క్వెర్టీనే ఉదాహరణగా చూపారు. 1990లో లీబోవిట్జ్, మార్గోలిస్ ఆ వాదనను ఖండించారు.

ఇక వర్ణక్రమం సంగతి. డోనాల్డ్ నార్మన్, డయాన్ ఫిషర్ 1982లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, వర్ణక్రమ కీబోర్డు కొత్తవారికి సైతం పెద్దగా ఉపకరించలేదు. వర్ణక్రమం నిఘంటువులో పదాన్ని వెదికే కంటికి సాయపడుతుంది. వేళ్లకు కావలసింది వేరు: తరచుగా వచ్చే అక్షరం చేరువలో ఉండాలి, రెండు చేతులకూ పని సమంగా పడాలి.

తెలుగు మీటల కథ

ఒకప్పుడు మన ఊళ్లలోని టైపు ఇన్‌స్టిట్యూట్లలో లోయర్, హయ్యర్ పరీక్షలకు సిద్ధమయ్యేవారు ‘ఎఎస్‌డిఎఫ్’తో సాధన మొదలుపెట్టినది ఈ క్వెర్టీపైనే. అయితే భారతీయ లిపుల కోసం కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ 1980వ దశకంలో ‘ఇన్‌స్క్రిప్ట్’ అనే ప్రత్యేక అమరికను ప్రమాణీకరించింది. ఇందులో అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమ చేతికి, హల్లులలో అత్యధికం కుడి చేతికి వస్తాయి. మధ్య వరుసలో కుడివైపు ప, క, త, చ, ట ఉంటే, వాటికి సరిగ్గా పైన బ, గ, ద, జ, డ ఉంటాయి. షిఫ్ట్ నొక్కితే అవే మీటలపై ఫ, ఖ, థ, ఛ, ఠ, వాటి పైన భ, ఘ, ధ, ఝ, ఢ వస్తాయి. వర్గాల వరుస మారినా, ఒక్కొక్క వర్గంలోని ఈ నాలుగు అక్షరాలు ఒక్కచోటే ఉంటాయి.

దీనికి మరో ప్రయోజనం ఉంది. తెలుగులో ‘క’ ఉన్న మీటపైనే హిందీ, కన్నడ, బెంగాలీల్లోనూ ‘క’ ఉంటుంది. ఒక లిపిలో చేయి తిరిగినవారు, చదవగలిగితే చాలు, మరో లిపిలోనూ టైపు చేయగలరు.

అయినా నేడు ఎందరో తెలుగువారు ‘అమ్మ’ అని రాయడానికి ముందు ఇంగ్లిషు అక్షరాలను కూర్చి, వాటిని తెలుగులోకి మార్పించుకుంటున్నారు. కడ్డీలే లేని ఫోను తెరపైనా క్వెర్టీ కొనసాగడానికి ఏది కారణమో దీనికీ అదే కారణం: చేతికి అది ముందుగా అలవాటైంది. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ మాత్రం విండోస్ కంప్యూటర్లలో సిద్ధంగానే ఉంది. సెట్టింగుల్లో తెలుగు కీబోర్డును ఎంచుకుంటే చాలు, ‘క’ అనే ధ్వనికి ‘క’ అనే మీటనే నొక్కవచ్చు.