తెలుగు–కన్నడ లిపి

తెలుగు, కన్నడ భాషలు సుమారు 7వ శతాబ్దం నుంచి 13వ శతాబ్దం దాకా ఉమ్మడిగా వాడుకున్న లిపి ఇది. కదంబ లిపి నుంచి ఎదిగి, చాళుక్యుల ఏలుబడిలో కుదురుకుంది. రెండో పులకేశి తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడు 624లో వేంగి రాజ్యం స్థాపించాక అటు బాదామిలోనూ ఇటు గోదావరి డెల్టాలోనూ ఒకే వంశం పాలించింది. రాత కూడా కలిసే నడిచింది.

కరీంనగర్ జిల్లా కుర్క్యాల దగ్గరి బొమ్మలమ్మ గుట్ట మీది శాసనం ఇందుకు తిరుగులేని సాక్ష్యం. కన్నడ ఆదికవి పంపని తమ్ముడు జినవల్లభుడు 10వ శతాబ్దం మధ్యలో దాన్ని చెక్కించాడు. అందులో సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఉన్నాయి. తెలుగు కంద పద్యాలు కూడా ఉన్నాయి. లిపి మాత్రం ఒక్కటే. భాష ఎక్కడ మారిందో చదివితేనే గాని తెలియదు.

డెల్టాలోనూ ఈ చుట్టరికం కనిపిస్తుంది. రాజమహేంద్రవరంలో, రాజరాజ నరేంద్రుని కొలువులో నన్నయ భారతం రాస్తున్నప్పుడు నారాయణభట్టు తోడు నిలిచాడు. అతనికి అగ్రహారమిచ్చిన 1053 నాటి నందంపూడి శాసనాన్ని నన్నయే రచించాడు. సంస్కృత, కర్ణాట, ప్రాకృత, పైశాచిక, ఆంధ్ర భాషల్లో నారాయణభట్టు దిట్ట అని అందులో ఉంది. మన ఆదికావ్యం వెనక కన్నడంలో కవిత్వం చెప్పగల పండితుడు ఉండటం ఒక్క ముక్కలో దాటేయవలసిన సంగతి కాదు.

11వ శతాబ్దంలోనే అల్ బెరూనీ ఆంధ్ర లిపిని, కర్ణాట లిపిని వేరువేరుగా పేర్కొన్నాడు. అంటే అక్షరాల రూపాలు పూర్తిగా విడిపోకముందే పేర్లు విడిపోయాయన్నమాట. 13వ శతాబ్దం తరవాత తేడాలు పెరిగాయి. తెలుగు తలకట్టు వాలుగా పైకి లేచింది, కన్నడంలో అది అడ్డగీతగా నిలిచింది. క, త, శ బాగా దూరమయ్యాయి. గ, ర, ల నేటికీ దగ్గరే. 19వ శతాబ్దంలో అచ్చు అక్షరాలు ఈ తేడాలను స్థిరపరిచాయి. యూనికోడ్ ఈ రెంటికీ పక్కపక్కనే, చెరి 128 స్థానాలు కేటాయించింది. చైనా, జపాను భాషలు పంచుకునే అక్షరాలకు మాత్రం అది చాలావరకు ఒకే సంకేతం ఇచ్చింది.

అయితే చైనీసు, జపనీసు ఒక కుటుంబానికి చెందిన భాషలు కావు; వాటి ఉమ్మడి మాటలు ఎక్కువగా అరువు తెచ్చుకున్నవే. తెలుగు, కన్నడం వేర్వేరు శాఖలవైనా ఒకే ద్రావిడ కుటుంబానివి కాబట్టి మూలం నుంచే మాటలు పంచుకున్నాయి. మన పాలు, పులి కన్నడంలో హాలు, హులి అవుతాయి. పాత శాసనాల్లో ఉండి తరవాత రెండు భాషలూ విడిచిపెట్టిన ‘ఴ’ అక్షరం ఉన్నచోట తెలుగులో డ, కన్నడంలో ళ వచ్చాయి: కోడి–కోళి, ఏడు–ఏళు.

రెండు భాషలూ సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాటల్లోనే తికమక ఎక్కువ. ‘అవసరం’ మనకు కావలసినదాన్ని తెలిపితే, కన్నడ ‘అవసర’ ముఖ్యంగా తొందరను తెలుపుతుంది. ఇలాంటి తికమక చైనీసు, జపనీసు మధ్యా ఉంది: చేయి, కాగితం అనే రెండక్షరాల జంటకు జపానులో ఉత్తరం అని అర్థం; చైనాలో అది మరుగుదొడ్డి కాగితం.