సకాయ్ 3 ఎక్కడికి పోయింది?

సాఫ్ట్‌వేర్‌కి పేరు పెట్టడం కష్టమంటారు గానీ, నన్నడిగితే ఆ పేరు పక్కన అంకె వెయ్యడం ఇంకా కష్టం.

సకాయ్ అని ఓ ఓపెన్ సోర్స్ ఈ-లెర్నింగ్ సాఫ్ట్‌వేర్ ఉంది. మన దగ్గర మూడుల్ తెలిసినంతగా ఇది తెలీదు. 2004లో మిషిగన్, ఇండియానా, ఎం.ఐ.టి., స్టాన్‌ఫర్డ్ కలిసి మెలన్ ఫౌండేషన్ డబ్బుతో మొదలుపెట్టాయి. మిషిగన్ వాళ్ళ పాత సాఫ్ట్‌వేర్ పేరు షెఫ్. షెఫ్ అంటే వంటాయన కదా, అందుకని కొత్తదానికి 'ఐరన్ షెఫ్' అనే జపాన్ టీవీ వంటల పోటీలో పేరు తెచ్చుకున్న హిరోయుకి సకాయ్ పేరు పెట్టేశారు. జావా ప్రాజెక్టుకి వంటాయన పేరు :)

అక్కడిదాకా సరదాగానే ఉంది. తర్వాత 2.x వెర్షన్లు నడుస్తుండగా, కేంబ్రిడ్జ్ వాళ్ళు ముందుండి మొత్తం మళ్ళీ మొదట్నించీ రాద్దామన్నారు. పాతదాంట్లో ప్రతి కోర్సుకీ ఓ సైటు, అందులో టూల్సు. కొత్తదాంట్లో మనుషులూ, వాళ్ళు పంచుకునే కంటెంటూ ముఖ్యం. అపాచీ స్లింగ్ మీద కట్టిన సర్వరుకి 'నకమురా' అని పేరు. జావాస్క్రిప్ట్‌తో రాసిన ముందుభాగానికైతే ఇంగ్లీషులో సకాయ్‌లోని మొదటి అక్షరం పీకేసి 3 అంకె తగిలించారు. మొత్తానికి దీన్ని సకాయ్ 3 అన్నారు.

తంటా అంతా ఆ 3తోనే. 2 తర్వాత 3 అంటే ఎవరైనా ఏమనుకుంటారు? అప్‌గ్రేడ్ చేస్తే పాత కోర్సులు, మార్కులు, క్విజ్‌లు అన్నీ అటు వచ్చేస్తాయని. కానీ ఇది అసలు వేరే సాఫ్ట్‌వేర్. పైగా 3 వస్తోందని చెప్పాక 2 పాతబడినట్టే లెక్క. దాని మీద డబ్బు ఎందుకు పెట్టాలని యూనివర్సిటీ పెద్దలు అడగరూ? అక్కడేమో రోజూ క్లాసులు నడిచేది 2 మీదే.

2010-11 ప్రాంతంలో పేర్లు మార్చారు. కొత్తది సకాయ్ ఓ.ఏ.ఈ., పాతది సకాయ్ సి.ఎల్.ఈ. (పూర్తి పేర్లు ఎవరికి గుర్తుంటాయి చెప్పండి.) రెండూ వేర్వేరని ఒప్పుకోవడం మంచిదే గానీ, నా ఉద్దేశంలో బాగా ఆలస్యమైంది. అన్నట్టు, పెర్ల్ 6ది కూడా ఇదే కథ. 2000లో ప్రకటిస్తే, అది వేరే భాష అని ఒప్పుకుని రాకు అని పేరు మార్చేసరికి 2019 వచ్చింది.

2012లో మిషిగన్, ఇండియానా ఓ.ఏ.ఈ. నుంచి తప్పుకున్నాయి. మిగిలినవాళ్ళు దాన్ని నోడ్, కసాండ్రాలతో ఇంకోసారి తిరగరాశారు. పాతబడిందనుకున్న సి.ఎల్.ఈ. మాత్రం అదే ఏడాది 2.9కి చేరింది.

దాని తర్వాత రావాల్సింది 2.10. ముందున్న 2 తీసేసి, 2014లో సకాయ్ 10 అని విడుదల చేశారు. 2016లో 11 వచ్చింది. 3 నుంచి 9 దాకా అంకెలన్నీ ఖాళీగానే ఉండిపోయాయి.