అమీర్‌పేట, పంజాగుట్ట: స్థలనామాలలో స్థానిక స్మృతి

వ్యాససంగ్రహం

హైదరాబాదు నడిబొడ్డున ఆనుకొని ఉన్న అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతాలపై జనంలో స్థిరపడిన అభిప్రాయాలను అక్కడి స్థలనామాల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఈ ప్రాంతాలకు బయట వ్యాపించిన పేరు ఎక్కువగా వచ్చిపోయేవారి వల్ల ఏర్పడింది. నిలిచి ఉన్నవారి జ్ఞాపకం మాత్రం ఉచ్చారణలో, చిరునామాలలో, బస్టాపుల పేర్లలో దాగి ఉంది. స్థానిక చరిత్ర రచనలో ఈ రెండవ ఆధారానికి తగిన స్థానం దక్కాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: స్థలనామం, స్థానిక చరిత్ర, జనవ్యుత్పత్తి, ఎర్రమంజిల్, అమీర్‌పేట, పంజాగుట్ట.

1. ఉపోద్ఘాతం

హైదరాబాదు చరిత్ర అనగానే చార్మినారు, గోలకొండ, మూసీ వంతెనలు స్ఫురిస్తాయి. కోట గోడకు వెలుపల, హుస్సేన్‌సాగర్‌కు పడమటి దిక్కున పెరిగిన పేటలకు ఆ చరిత్రలో దక్కిన చోటు స్వల్పం. వాటిని వర్తమానపు రద్దీగా చూడడమే అలవాటు. అమీర్‌పేట అంటే కోచింగ్ సెంటర్లు, పంజాగుట్ట అంటే ట్రాఫిక్ అనే మాటలు అలా స్థిరపడినవే. ఈ మాటలు అబద్ధాలు కావు. అయితే అవి ఎవరి అనుభవం నుండి పుట్టాయన్నది విచారించదగిన అంశం. హైదరాబాదు నుండి బొంబాయి వైపు సాగే పాత జాతీయ రహదారి ఖైరతాబాదు దాటి ఈ రెండు ప్రాంతాల గుండానే పోతుంది. దారి మీది ఊరిని బాటసారి ఒక తీరుగా, ఊరివారు మరొక తీరుగా గుర్తుంచుకుంటారు. ఈ భేదమే ప్రస్తుత పరిశీలనకు మూలం.

2. పేట, గుట్ట: సంకర సమాసాల సాక్ష్యం

పైగా వంశీయుల బిరుదులలో ‘అమీర్-ఎ-కబీర్’ ఒకటి. అమీర్‌పేట అనే పేరును ఆ బిరుదుతో ముడిపెట్టి చెప్పడం పరిపాటి. పొరుగున ఉన్న బేగంపేట కూడా పైగా కుటుంబంతో సంబంధం ఉన్న పేరే. అక్కడి పైగా ప్యాలెస్, స్పానిష్ మసీదు ఆ ప్రాబల్యానికి నేటికీ సాక్ష్యాలు. ఈ నామాలలో పూర్వపదం ప్రభువుది, ఉత్తరపదమైన ‘పేట’ ప్రజలది. ప్రభువు పేరు ఏ భాషదైనా, ఆ చోటు ఎటువంటిదో చెప్పే పదం స్థానికుల నోట నలిగినదే కావడం గమనార్హం.

పంజాగుట్టలో ఈ కలయిక మరింత స్పష్టం. ‘గుట్ట’ తెలుగు పదం. ‘పంజా’ పారసీకం నుండి ఉర్దూ ద్వారా వచ్చింది. అయిదు అనే అర్థం గల ‘పంజ్’ నుండి అయిదు వేళ్ల అరచేయి అనే అర్థం ఏర్పడింది. మొహర్రం పీర్ల మీద కనిపించే హస్త చిహ్నం కూడా పంజాయే. అందువల్ల ఈ పేరును హస్తంతో ముడిపెట్టేవారు ఉన్నారు, అయిదు గుట్టలుగా వివరించేవారూ ఉన్నారు. సంస్కృత ‘పంచ’, పారసీక ‘పంజ్’ సోదర పదాలు కావడం వల్ల ఈ రెండు వివరణలు ఒకే మూలానికి చేరతాయి. నేటి తెలుగు వాడుకలో పంజా అంటే పులి పంజా కూడా స్ఫురిస్తుంది. జనవ్యుత్పత్తులలో ఏది సత్యమన్న ప్రశ్నకన్నా, ఒక్కొక్క సమూహం తనకు తెలిసిన అర్థంతో ఆ చోటును ఎలా సొంతం చేసుకుందన్నది చరిత్రకారునికి ముఖ్యం. మేడల నడుమ గుట్ట కనుమరుగైంది. అక్కడ ఎత్తు ఒకటి ఉండేదన్న భౌగోళిక సత్యాన్ని పేరు మాత్రం ఇంకా మోస్తోంది.

3. ఒకే మేడ, రెండు వినికిడులు

ఖైరతాబాదు, పంజాగుట్టల నడుమ గుట్ట మీద నవాబ్ ఫఖ్రుల్ ముల్క్ ఒక రాజభవనం నిర్మించారు. ఆ గుట్టను స్థానికులు ‘ఎర్రగడ్డ’ అనేవారని, దానికి దగ్గరగా వినిపించేలా పారసీకంలో స్వర్గమనే అర్థం గల ‘ఇరం’ అనే పదాన్ని చేర్చి నవాబు ‘ఇరం మంజిల్’ అని పేరు పెట్టారని ఒక కథనం ప్రచారంలో ఉంది. పారసీకం తెలిసిన అధికారులకు అది స్వర్గధామంగా, తెలుగువారికి ఎర్రమేడగా వినిపించాలన్నది ఆయన ఉద్దేశమట.

ఈ కథనంలో ఐతిహ్యపు పాలు ఎంతైనా, వాడుక చూపే సాక్ష్యం బలమైనది. ఆంగ్ల లిపిలో ఈ పేరు ‘ఇర్రం’గా నిలిచింది. తెలుగు పత్రికలలో మాత్రం ‘ఎర్రమంజిల్’గా స్థిరపడింది. నవాబు స్వర్గం తెలుగు లిపిలో ఎరుపుగానే మిగిలింది. అధికార భాష ఏదైనప్పటికీ స్థానిక శ్రవణం తన అర్థాన్ని వదులుకోలేదనడానికి ఇది చక్కని ఉదాహరణ.

తర్వాతి కాలంలో ఈ భవనం ప్రభుత్వ కార్యాలయాలకు నెలవైంది. 2019 జూన్‌లో తెలంగాణ మంత్రివర్గం దీని స్థానంలో కొత్త శాసనసభా భవనాన్ని నిర్మించాలని నిర్ణయించింది. ఆ నిర్ణయంపై వ్యాజ్యాలు దాఖలయ్యాయి. అదే ఏడాది సెప్టెంబరు 16న హైకోర్టు మంత్రివర్గ నిర్ణయాన్ని కొట్టివేసింది. వారసత్వ సంపద పరిరక్షణపై జరిగిన ఈ చర్చలో ప్రధానంగా వినిపించినవి నిర్మాత పేరు, కట్టడపు శైలి, వయస్సు. గుట్ట కింద బతికిన తెలుగువారు ఆ మేడను ఏమని పిలిచారన్నది కూడా ఆ వారసత్వంలో భాగమే. రాతికి రక్షణ కల్పించే నిబంధనలు ఉన్నాయి. ఉచ్చారణకు అటువంటి రక్షణ లేదు.

4. వచ్చిపోయేవారి పేట

ఆంధ్రప్రదేశ్ అవతరించిన 1956లోనే అమీర్‌పేటలో సారథి స్టూడియో నెలకొంది. మద్రాసులో స్థిరపడిన తెలుగు చిత్రనిర్మాణం హైదరాబాదు వైపు చూసిన తొలినాళ్లవి. అక్కడ రూపొందిన ‘మా ఇంటి మహాలక్ష్మి’ 1959లో విడుదలైంది. హైదరాబాదులో పూర్తిగా నిర్మితమైన తొలి తెలుగు చిత్రంగా దానికి పేరు. 1960వ దశకంలో పంజాగుట్టలో నిజాం ట్రస్టు ఆర్థోపెడిక్ ఆస్పత్రి మొదలైంది. అదే కాలక్రమంలో నిమ్స్‌గా ఎదిగింది. జిల్లాల నుండి వచ్చే రోగికి, రోగి వెంట వచ్చి ఆవరణలో పగళ్లూ రాత్రులూ గడిపే బంధువుకు పంజాగుట్ట అంటే నిమ్స్.

1990ల చివర సాఫ్ట్‌వేర్ కొలువుల వెల్లువతో మరో సమూహం వచ్చింది. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. అక్కడి ఉద్యోగానికి, అమెరికా ప్రయాణానికి కావలసిన శిక్షణ అమీర్‌పేటలో దొరికింది. మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ భవనాలు జావా, ఒరాకిల్, శాప్ బోర్డులతో నిండిపోయాయి. ఉచిత డెమో క్లాసు, కొత్త బ్యాచ్, రియల్ టైమ్ ఫ్యాకల్టీ, లేడీస్ హాస్టల్ వంటి మాటలు ఈ వీథుల పరిభాషగా మారాయి. ఇంజనీరింగు పట్టా చేతబట్టుకొని పల్లె నుండి వచ్చిన తొలితరం విద్యావంతులకు అమీర్‌పేట ఒక ఆశ, ఒక గడువు. ఇంటి నుండి వచ్చే డబ్బు ఆగేలోపు కొలువు దొరకాలి. కొలువు దొరికాక పేటను విడిచిపోవాలి. అందువల్లనే ఈ పేటను తలుచుకునేవారు ఎందరో, తమ ఊరుగా చెప్పుకునేవారు కొందరే.

5. నిలిచినవారి గురుతులు

వచ్చిపోయేవారి ముద్ర ఇంత గాఢంగా ఉన్నచోట నిలిచినవారి స్మృతిని ఎక్కడ వెదకాలి? మొదటి సమాధానం బల్కంపేట ఎల్లమ్మ. నేలమట్టానికి దిగువన, బావిలో వెలసిన దేవతగా ఆమెను కొలుస్తారు. ఆషాఢమాసంలో జరిగే ఎల్లమ్మ కల్యాణానికి నగరమంతటి నుండి జనం తరలివస్తారు. చుట్టూ నేల అంతస్తులుగా పైకి లేచినా దేవత మాత్రం పాత నేలమట్టం కిందనే ఉంది. బావినీటి తీర్థం ఈ ప్రాంతపు వ్యవసాయ గతాన్ని తలపిస్తుంది. ఎల్లారెడ్డిగూడ, బల్కంపేట వంటి పేర్లు కూడా నగరంలో కలిసిపోయిన పల్లెల జాడలే.

రెండవ సమాధానం లౌకికమైనది. అమీర్‌పేటలోని సత్యం థియేటర్‌ను కూల్చి కట్టిన మాల్ 2023లో ప్రారంభమైంది. ఆ మాల్ కూడా సత్యం పేరునే నిలుపుకోవలసి వచ్చింది. తెర పోయినా పేరు దారిచూపుతూనే ఉంది.

2017 నవంబరులో మెట్రో రైలు మొదలైంది. రెండు మార్గాలు కలిసే కూడలిగా అమీర్‌పేట ప్రాధాన్యం పెరిగింది. స్టేషన్ పేరు కావడం వల్ల ఒక స్థలనామానికి శాశ్వతత్వం లభిస్తుంది. ఆ గౌరవం దక్కని చిన్నపేర్లు మెల్లగా వాడుక నుండి జారిపోయే ప్రమాదమూ అంతే నిజం. ‘ఎల్లారెడ్డిగూడ’ అనే చిరునామా ‘అమీర్‌పేట మెట్రో దగ్గర’గా మారినప్పుడు ఒక పల్లె చరిత్ర ఒక దూరపు కొలతగా కుదించుకుపోతుంది.

6. ముగింపు

పై పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. ఒకటి, అమీర్‌పేట, పంజాగుట్టల ప్రసిద్ధి ప్రధానంగా పనిమీద వచ్చి వెళ్లిపోయేవారు కలిగించినది. రెండు, స్థానికుల స్మృతి పెద్ద కథనాలలో కాక గుట్ట, పేట, గూడ వంటి ఉత్తరపదాలలో, ఎర్రమంజిల్ వంటి ఉచ్చారణలలో నిలిచింది. మూడు, ఈ స్మృతి మౌఖికమైనది కనుక తరం మారితే చెదిరిపోతుంది. కట్టడాల జాబితాల వలెనే పేట పేటకూ వాడుకపేర్ల జాబితాలు, వాటి ఉచ్చారణల ధ్వనిముద్రణలు సిద్ధం కావాలి. నగరంలోని తెలుగు శాఖలు తమ విద్యార్థుల క్షేత్రపర్యటనలను ఈ దిశగా మళ్లించవచ్చు. వారిలో అనేకులు అమీర్‌పేట హాస్టళ్లలోనే బస చేస్తున్నారు. తాము దాటిపోతున్న పేటను పాతకాపుల నోట వినడం వారికి ఒక నడక దూరంలోని పని.